ఆంజెలో మోస్సో

ఆంజెలో మోస్సో (మే 30, 1846 - నవంబరు 24, 1910) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. అలసట అనునది కేవలము కండరాలకు సంబంధించినదా, లేక అందులో మెదడుకు కూడా భాగమున్నదా అనే ప్రశ్నను ప్రయోగశాలలోనికి తెచ్చి, కొలిచి చూపినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. ఎర్గోగ్రాఫ్ అనే పరికరాన్ని రూపొందించాడు. మెదడు పనిచేయునపుడు దానికి రక్తప్రసరణ పెరుగుతుందని సజీవులైన మనుషులలో పరిశీలించి నమోదు చేశాడు. భయము, అలసట అనే విషయాలపై సామాన్యులకు అర్థమయ్యేటట్లు ఇతడు వ్రాసిన గ్రంథాలు పలు ఐరోపా భాషలలోనికి అనువదించబడ్డాయి. దీర్ఘకాల వ్యాయామములో మెదడు అలసిపోవుటను గురించి, అమైనో ఆమ్లాలతో దానిని ఆపవచ్చునా అను విషయము గురించి ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగములో జరిగిన పరిశోధనలకు మూలమైన ప్రశ్న మోస్సో వేసినదే.

బాల్యము, విద్యాభ్యాసము

మోస్సో టురిన్ నగరములో ఒక పేద కుటుంబములో జన్మించాడు. తండ్రి వడ్రంగి. బాల్యము టురిన్ సమీపములోని కియేరి అనే చిన్న పట్టణములో గడిచింది. చేతిపని చేసుకునే ఇంట పుట్టినందువలన కాబోలు, ఇతనికి పరికరాలు తయారుచేయుటలో చెప్పుకోదగ్గ నేర్పు ఉండేది. ఆ తరువాతి కాలములో ఇతని కీర్తికి కారణమైన పరికరాలలో చాలా భాగము కొయ్య, త్రాడు, కప్పీ, బరువు వంటి సామాన్యమైన వస్తువులతో చేసినవే.

టురిన్ విశ్వవిద్యాలయములో వైద్యశాస్త్రము చదివి 1870లో పట్టా పొందాడు. ఎముకల పెరుగుదల గురించి సిద్ధాంతవ్యాసము సమర్పించాడు. ఆ విశ్వవిద్యాలయములో శరీరధర్మ శాస్త్రాన్ని బోధించిన యాకోబ్ మోలెషాట్ ఇతని మొదటి గురువు. పిదప సైన్యములో వైద్యునిగా పనిచేస్తూ ఇటలీ దక్షిణ ప్రాంతాలలో తిరిగాడు. ఆ ఉద్యోగము కొద్దికాలమే అయినా, సిసిలీ ద్వీపములో అప్పుడు చూసిన దృశ్యాలను ఇరవై సంవత్సరాల తరువాత కూడా మరువలేదు. ఆ సంగతి ముందు వస్తుంది.

సైన్యము విడిచిన తరువాత ఫ్లోరెన్స్ లో మోరిట్జ్ షిఫ్ వద్ద, ఆపై జర్మనీలోని లైప్జిగ్ లో కార్ల్ లుడ్విగ్ వద్ద పరిశోధన చేశాడు. ఆ రోజులలో లుడ్విగ్ ప్రయోగశాల ప్రపంచములోని శరీరధర్మ శాస్త్రజ్ఞులందరికీ తీర్థస్థలము వంటిది. గుండె చప్పుడు, రక్తపీడనము, ఊపిరి మొదలగు కదలికలను మసిపట్టించిన కాగితము చుట్టిన డోలు మీద కలముతో గీయించే పద్ధతి అక్కడ బాగా అభివృద్ధి చెందినది. మోస్సో ఆ విద్యను క్షుణ్ణముగా నేర్చుకున్నాడు. అక్కడే హ్యూగో క్రోనెకర్ తో స్నేహము ఏర్పడినది. కప్ప కండరము ఏ క్రమములో అలసిపోతుందో క్రోనెకర్ 1871లో పరిశోధించాడు. కప్ప కండరానికి చేసిన పనిని మనిషి కండరానికి ఎందుకు చేయరాదు అన్న ఆలోచన మోస్సోకు ఇక్కడినుండి కలిగినది.

లైప్జిగ్ నుండి పారిస్ వెళ్ళి క్లాడ్ బెర్నార్డ్, మారే మొదలగువారిని కలిసి స్వదేశము చేరాడు. టురిన్ లో మొదట ఔషధశాస్త్ర ఆచార్యునిగా ఉండి, 1879లో మోలెషాట్ రోముకు వెళ్ళగా ఆ స్థానములో శరీరధర్మ శాస్త్ర ఆచార్యుడైనాడు. మిగిలిన జీవితమంతా ఆ పదవిలోనే గడిచినది. ఇటాలియన్ శాస్త్రజ్ఞుల పరిశోధనలు ఇతర దేశాలకు తెలియాలనే ఉద్దేశముతో 1882లో ఫ్రెంచి భాషలో ఒక జీవశాస్త్ర పత్రికను స్థాపించాడు.

భావానికి, రక్తానికి గల సంబంధము

మోస్సో రూపొందించిన మొదటి ముఖ్య పరికరము ప్లెతిస్మోగ్రాఫ్ (1875). నీటితో నిండిన గాజుగొట్టములో మోచేయి వరకు చేతిని ఉంచి, గొట్టము మూతిని బిగించుతారు. చేతిలోనికి రక్తము ఎక్కువ వస్తే నీరు పైకి నెట్టబడుతుంది, తగ్గితే లోనికి పోతుంది. ఆ హెచ్చుతగ్గులను కలము గీస్తుంది. లైప్జిగ్ లో ఇతని మిత్రుడు లూయిజి పాలియాని ఈ విధముగా చేతులు ఉంచి కూర్చుని ఉండగా, ఆచార్య లుడ్విగ్ గదిలోనికి ప్రవేశించాడట. పాలియాని పలుకలేదు, కదలలేదు. కాని కలములు మాత్రము వెంటనే క్రిందికి పడిపోయాయి. గురువును చూసిన కలవరపాటు చేతిలోని రక్తాన్ని తగ్గించినది. మనసులోని భావము శరీరముపై వ్రాతగా కనిపించడము మోస్సోను ఎంతో ఆకర్షించింది.

చేతిలో తగ్గిన రక్తము ఎక్కడికి పోతున్నది? మెదడుకే అని మోస్సో అనుమానము. కాని పుర్రెలోపల దాగిన మెదడును చూచుట ఎట్లు? దీనికి ఒక దురదృష్టవంతుని గాయము అవకాశము కల్పించినది. 1877లో మికేలే బెర్టీనో అనే రైతు తన గ్రామములోని చర్చి గంటగోపురము క్రింద ఉండగా పైనుండి ఇటుక జారి తలపై పడినది. పుర్రె ఎముక పగిలి, మెదడుపైన చర్మము మాత్రమే మిగిలిన ఒక రంధ్రము ఏర్పడినది. బెర్టీనో ప్రాణాపాయము నుండి బయటపడ్డాడు. ఆ రంధ్రముపై చిన్న మూతను అమర్చి, రబ్బరు గొట్టము ద్వారా మెదడు నాడిని మోస్సో నమోదు చేశాడు.

ఒకనాడు ఇట్లు నమోదు చేస్తుండగా మధ్యాహ్నపు చర్చి గంటలు మ్రోగాయి. వెంటనే మెదడు నాడి పెద్దదైనది. చేతి నాడిలో మాత్రము అంతటి మార్పు లేదు. గంటలు విన్నప్పుడు ప్రార్థన చేయవలసి ఉన్నదని గుర్తుకు వచ్చినదా అని మోస్సో అడుగగా బెర్టీనో అవునన్నాడు. ఎనిమిదిని పన్నెండుతో హెచ్చవేయమని అడిగినప్పుడు కూడా ఇదే మార్పు కనిపించినది. ఈ ఫలితాలు 1880లో గ్రంథరూపములో వెలువడ్డాయి. మెదడులో ఏ భాగము పనిచేస్తే ఆ భాగానికి రక్తము ఎక్కువగా చేరుతుందన్న సూత్రముపైనే ఈనాటి మెదడు చిత్రణ పద్ధతులు ఆధారపడి ఉన్నాయి. ఇన్ని లక్షల ఖరీదుచేసే యంత్రాల వెనుక ఒక రైతు గాయము, ఒక రబ్బరు గొట్టము ఉన్నాయని విద్యార్థులు గుర్తుంచుకోవడము బాగుంటుంది.

మనిషిని తూచే బల్ల

పుర్రె పగిలినవారు ఎప్పుడూ దొరకరు కదా. అందువలన ఆరోగ్యవంతులలో కూడా ఈ సంగతిని చూపించుటకు మోస్సో ఒక త్రాసును తయారుచేశాడు. మధ్యలో ఇరుసుపై నిలిచిన పొడవైన కొయ్యబల్ల అది. దానిపై మనిషిని వెల్లకిల పరుండబెట్టి, తలవైపు, కాళ్ళవైపు బరువు సరిసమానమయ్యే వరకు సరిచేస్తారు. తరువాత ఆ మనిషికి ఏదైనా ఆలోచన కల్పిస్తే బల్ల తలవైపునకు మొగ్గుతుంది. వార్తాపత్రిక చదివినప్పటికంటే తత్త్వశాస్త్ర గ్రంథము చదివినప్పుడు ఎక్కువగా మొగ్గినదని చెప్పుకునేవారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియమ్ జేమ్స్ 1890లో ప్రచురించిన తన గ్రంథములో ఈ త్రాసును ప్రస్తావించుటతో అది లోకప్రసిద్ధమైనది.

ఊపిరి పీల్చినా, వేలు కదిపినా బల్ల కదులుతుంది గనుక, ఇది అంత నమ్మదగిన కొలత కాదని అప్పటినుండి విమర్శ ఉన్నది. మోస్సోకు కూడా ఈ చిక్కు తెలుసు. బల్ల ఊగిసలాటను తగ్గించుటకు పలు ఏర్పాట్లు చేశాడు. ఇతని చేతివ్రాత ప్రతులను వెలికితీసి ఇటలీ పరిశోధకులు 2014లో ఈ ప్రయోగ వివరాలను మరల లోకానికి తెలియజేశారు.

1884లో ప్రచురించిన భయము అనే గ్రంథములో ఈ ప్రయోగాలన్నింటినీ సామాన్య పాఠకులకు తెలియజెప్పాడు. మిలాన్ నగరములోని ట్రేవెస్ సంస్థ దీనిని ప్రచురించినది.

ఎర్గోగ్రాఫ్

మోస్సో పేరు చెప్పగానే స్ఫురించేది ఎర్గోగ్రాఫ్. గ్రీకు భాషలో పనిని వ్రాసేది అని ఈ మాటకు అర్థము. దీనిని 1880ల మధ్యకాలములో రూపొందించి, ఫలితాలను 1890లో వివరముగా ప్రకటించాడు.

దీని నిర్మాణము ఇట్లుంటుంది. మోచేతి నుండి మణికట్టు వరకు చేతిని వెల్లకిల ఉంచి మెత్తలతో బిగిస్తారు. చూపుడు వేలును, ఉంగరపు వేలును చెరొక గొట్టములో దూర్చి కదలకుండా చేస్తారు. మధ్య వేలు మాత్రము స్వేచ్ఛగా ఉంటుంది. ఆ వేలికి తగిలించిన త్రాడు కప్పీ మీదుగా పోయి రెండు లేక మూడు కిలోగ్రాముల బరువును మోస్తుంది. రెండు సెకన్లకొకసారి వేలు వంచి బరువును ఎత్తాలి. ఎంత ఎత్తు ఎత్తినదీ కలము మసికాగితముపై నిలువుగీతగా గీస్తుంది. మొదటి గీతలు పొడవుగా ఉండి, క్రమముగా పొట్టివై, చివరకు వేలు ఎంత ప్రయత్నించినా బరువు కదలదు. ఆ గీతల కొనలను కలిపితే వచ్చే వంపురేఖయే అలసటరేఖ.

ఒక్క వేలినే ఎందుకు ఎన్నుకున్నాడు అన్న సందేహము రావచ్చు. పెద్ద పని చేసేటప్పుడు ఒక కండరము అలసిపోతే మరొకటి సహాయానికి వస్తుంది. ఏది ఎంత పనిచేసినదో తేల్చలేము. ఇతరుల సహాయము లేకుండా ఒంటరిగా పనిచేసే కండరము కావాలి. అందుకే ఈ ఏర్పాటు.

ఈ పరికరముతో తేలిన విషయాలలో మొదటిది, అలసటరేఖ మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది. కొందరి బలము మొదటినుండీ కొంచెము కొంచెముగా తగ్గుతుంది. మరికొందరిది చాలాసేపు నిలిచి ఒక్కసారిగా కూలిపోతుంది. అదే మనిషిని కొన్ని సంవత్సరాల తరువాత పరీక్షించినా రేఖ ఆకారము చాలావరకు అదే విధముగా ఉంటుంది. చేవ్రాలు వంటిదన్నమాట.

రెండవది మోస్సో శిష్యుడు ఆర్నాల్డో మజ్జోరా కనుగొన్నది. ముప్పయి సార్లు బరువు ఎత్తి పూర్తిగా అలసిన వేలు మునుపటి స్థితికి రావాలంటే రెండు గంటల విశ్రాంతి కావాలి. పదిహేను సార్లు ఎత్తి ఆపితే ఒక గంట చాలాలి కదా అనిపిస్తుంది. కాని అరగంటే సరిపోయింది. అనగా మొదటి సగము పనికంటే రెండవ సగము పని శరీరానికి ఎన్నో రెట్లు భారము. అలసిన తరువాత చేసే పని తక్కువ, దానివలన కలిగే హాని ఎక్కువ. ఈ లెక్క పారిశ్రామికవేత్తలు, కార్మిక సంస్కర్తలు కూడా గమనించిన లెక్క. పనిగంటలను తగ్గించాలనే వాదానికి శాస్త్రము నుండి బలము చేకూరినది.

మెదడు అలసిన, కండరము అలసినట్లే

మూడవ ఫలితము అన్నింటికంటే ఆశ్చర్యకరమైనది. మజ్జోరా విశ్వవిద్యాలయములో ఉపన్యాసకుడు. ఒక రోజు వైద్యవిద్యార్థులకు మౌఖిక పరీక్షలు నిర్వహించవలసి వచ్చినది. పరీక్షలకు ముందు ఎర్గోగ్రాఫ్ మీద తన అలసటరేఖను గీయించుకున్నాడు. మూడున్నర గంటలపాటు విద్యార్థులను ప్రశ్నించిన తరువాత మరల గీయించుకున్నాడు. ఆ మధ్యకాలములో చేతితో బరువుపని ఏదీ చేయలేదు. అయినా వేలి బలము బాగా తగ్గిపోయినది. కొద్దిసార్లు ఎత్తగానే బరువు కదలనని మొరాయించింది. పరీక్షలు వ్రాసేవారి అవస్థ అందరికీ తెలుసు. పరీక్షలు జరిపేవారి అవస్థను ఇంత చక్కగా గీసి చూపినది బహుశా ఇదే.

అయితే అలసట ఎక్కడున్నట్లు? ఇష్టపూర్వకముగా ఇక ఎత్తలేని స్థితికి వచ్చిన వేలిని విద్యుత్తుతో ప్రేరేపిస్తే అది మరల బరువును ఎత్తింది. కనుక కండరములో శక్తి ఇంకా మిగిలియే ఉన్నది, ఆజ్ఞాపించే మెదడే వెనుకంజ వేసినదని అనుకోవచ్చు. మరొకవైపు, మనసుతో నిమిత్తము లేకుండా కేవలము విద్యుత్తుతోనే కండరాన్ని పనిచేయించినా అలసటరేఖ దాదాపు అదే ఆకారములో వచ్చినది. కనుక కండరము కూడా తనంతట తాను అలసిపోతుంది. మోస్సో ఈ రెండింటిలో ఏ ఒక్కదానినీ త్రోసిపుచ్చలేదు. అలసటలో రెండు అంశాలున్నాయన్నాడు. ఒకటి బలము తగ్గుట, రెండవది అలసిపోయామన్న భావన. ఆ రెండవదానిని అతడు లోపముగా గాక రక్షణగా భావించాడు. ఆ భావన లేకపోతే మనిషి తనను తాను నాశనము చేసుకునే వరకు పనిచేస్తాడు.

అలసట రక్తము ద్వారా వ్యాపిస్తుందని కూడా మోస్సో నమ్మాడు. బాగా అలసిన కుక్క రక్తాన్ని విశ్రాంతిగా ఉన్న కుక్కకు ఎక్కించగా అది కూడా అలసట లక్షణాలు చూపినది. కండరాలలో తయారైన వ్యర్థపదార్థాలు రక్తములో చేరి మెదడును చేరుతాయని ఇతని ఊహ. అటువంటి విషపదార్థము ఒకటి విడిగా ఉన్నదన్న ఊహ నిలువలేదు. కాని కండరములో జరిగే రసాయన మార్పులు రక్తము ద్వారా మెదడుకు వార్త పంపుతాయన్న మూలభావము మాత్రము తరువాతి కాలములో వేరే రూపములో మరల ప్రత్యక్షమైనది.

అలసట గ్రంథము, గంధకపు గనుల బాలురు

1891లో వెలువడిన అలసట మోస్సో రచనలలో ముఖ్యమైనది. 1904లో ఇది ఆంగ్లములోనికి అనువదించబడినది. మధ్యధరా సముద్రము దాటి ఇటలీ తీరము చేరే వలసపక్షుల బడలికతో గ్రంథము ప్రారంభమవుతుంది. సముద్రముపై రాత్రంతా ఎగిరి వచ్చిన పూరేడు పిట్టలు, వార్తలు మోసే పావురాలు, ఆపై కండరాలు, అవధానము, ఉపన్యాసకుల అలసట, పరీక్షలు, మితిమీరిన మానసిక శ్రమ, ఇట్లు సాగుతుంది. శాస్త్రగ్రంథమైనా కథవలె చదివిస్తుంది.

అందులోనే సిసిలీ గంధకపు గనుల ప్రస్తావన ఉన్నది. ఆ గనులలో కరూసో అని పిలువబడే పసిపిల్లలు లోతైన సొరంగముల నుండి నిటారు మెట్లమీదుగా ఖనిజపు బరువులు మోసేవారు. సైనిక వైద్యునిగా మోస్సో ఆ ప్రాంతములో యువకులను సైన్యానికి పరీక్షించాడు. గనులలో పెరిగినవారిలో చాలామంది వెన్ను వంగి, ఛాతీ కుంచించుకుపోయి, ఎత్తు పెరగక సైన్యానికి పనికిరానివారుగా తేలేవారు. ప్రయోగశాలలో వేలితో కనుగొన్న సూత్రము ఇక్కడ మనుషుల దేహాలమీద వ్రాయబడి ఉన్నదని మోస్సో గ్రహించాడు. అలసిన శరీరముచేత విశ్రాంతి లేకుండా పనిచేయించితే నష్టము ఆనాటితో పోదు, ఎదిగే వయస్సులోనైతే జీవితాంతము ఉంటుంది. యంత్రాలు మనిషి శ్రమను తగ్గిస్తాయనుకుంటే, అలసట ఎరుగని యంత్రముతో సమానముగా మనిషి పరుగెత్తవలసి వచ్చినదని కూడా అతడు బాధపడ్డాడు. ఎర్గోగ్రాఫ్ గురించి వ్రాసిన పలువురు ఈ భాగాన్ని వదిలివేస్తుంటారు. కాని ఆ పరికరము దేనికోసమో తెలియాలంటే ఇది చదవాలి.

విద్యార్థుల వ్యాయామము గురించి కూడా మోస్సో చాలా వ్రాశాడు. వరుసలలో నిలబెట్టి ఆజ్ఞలమీద చేయించే జర్మను పద్ధతి కసరత్తుకంటే, ఆరుబయట స్వేచ్ఛగా ఆడే ఆంగ్లేయుల ఆటలు పిల్లలకు మేలని వాదించాడు. మానసిక శ్రమతో అలసినవానికి కఠిన వ్యాయామము విశ్రాంతి కాదని, అది అలసటమీద అలసటయేనని ఇతని అభిప్రాయము.

మోంటే రోజా శిఖరము

మోస్సోకు పర్వతారోహణ అంటే ఎంతో ఇష్టము. ఆల్ప్స్ పర్వతాలలోని మోంటే రోజా శిఖరశ్రేణిలో 4,554 మీటర్ల ఎత్తున నిర్మించిన మార్గెరీటా కుటీరాన్ని 1893లో ఇటలీ రాణి మార్గెరీటా స్వయముగా ఎక్కి ప్రారంభించినది. మరుసటి సంవత్సరము మోస్సో తన తమ్ముడు ఊగోలీనో మోస్సోతోను, కొందరు సైనికులతోను, ఎర్గోగ్రాఫ్ మొదలైన పరికరాలతోను ఆ కుటీరములో కొన్నిదినాలు గడిపి, ఎత్తైన ప్రదేశాలలో ఊపిరి, నాడి, నిద్ర, కండరబలము ఎట్లు మారతాయో పరిశీలించాడు. ఆ ఫలితాలు 1897లో గ్రంథముగా వెలువడ్డాయి.

పర్వతవ్యాధికి కారణము విషయములో మాత్రము మోస్సో పొరబడ్డాడు. ప్రాణవాయువు కొరతయే కారణమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ 1878లోనే చూపాడు. మోస్సో దానిని అంగీకరించక, రక్తములో కార్బన్ డయాక్సైడ్ తగ్గుటయే ముఖ్య కారణమని వాదించి ఆ స్థితికి అకాప్నియా అని పేరు పెట్టాడు. బెర్ చెప్పినదే సరియైనదని తరువాత రుజువైనది. ఎత్తులలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుట నిజమే, దాని ప్రభావమూ ఉన్నది, కాని అది మూలకారణము కాదు. మోస్సో కృషితో 1907లో మోంటే రోజా క్రింది కొల్ డోలెన్ కనుమ వద్ద ఒక శాశ్వత పరిశోధనాలయము ఏర్పడినది. దానికి ఇతని పేరే పెట్టారు.

చివరి సంవత్సరాలు

1899లో అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయము దశవార్షికోత్సవాలకు ఆహ్వానము అందుకొని ఉపన్యసించాడు. 1901లో టురిన్ లో జరిగిన అంతర్జాతీయ శరీరధర్మ శాస్త్రజ్ఞుల మహాసభకు అధ్యక్షత వహించాడు. 1904లో ఇటలీ ప్రభుత్వము సెనేటరుగా నియమించినది.

ఈ గౌరవాలు వచ్చేసరికే ఆరోగ్యము దెబ్బతిన్నది. వెన్నుపామును క్షీణింపజేసే వ్యాధి సోకి నడక కష్టమైనది, ప్రయోగశాల పని సాగలేదు. మనుషుల అలసటను జీవితమంతా కొలిచినవాడు తన శరీరము ఒప్పుకోని స్థితికి వచ్చాడు. అయినా ఖాళీగా కూర్చోలేదు. దృష్టిని పురావస్తు శాస్త్రము వైపు మరల్చి, క్రీటు ద్వీపములో జరుగుతున్న త్రవ్వకాలలో పాలుపంచుకున్నాడు. దక్షిణ ఇటలీలో కూడా త్రవ్వకాలు జరిపాడు. క్రీటు రాజప్రాసాదాల గురించి 1907లో, మధ్యధరా నాగరికత పుట్టుపూర్వోత్తరాల గురించి 1910లో గ్రంథాలు ప్రచురించాడు. అదే సంవత్సరము నవంబరు 24న టురిన్ లో మరణించాడు. కుమార్తె మిమీ మోస్సో తండ్రి జీవితచరిత్రను 1935లో వెలువరించినది.

అలసటకు మందు: మోస్సో తరువాత

అలసటను కొలిచే సాధనము దొరికిన వెంటనే, దానిని పోగొట్టే పదార్థము కోసము వెదుకులాట ప్రారంభమైనది. ఊగోలీనో మోస్సో కొకెయిన్ ను, చక్కెరను ఎర్గోగ్రాఫ్ తో పరీక్షించి, చక్కెర తీసుకున్న తరువాత కండరము ఎక్కువ పనిచేసినదని ప్రకటించాడు. జర్మనీలో వైఖార్ట్ అనే శాస్త్రజ్ఞుడు అలసటవిషాన్ని, దానికి విరుగుడును కూడా కనుగొన్నానని 1904లో ప్రకటించి సంచలనము కలిగించాడు. ఇతరులు చేసిన పరీక్షలలో అది నిలువలేదు.

ఇక్కడ ఆంగ్లేయ శాస్త్రవేత్త రివర్స్ చేసిన పని చెప్పుకోదగినది. నీలగిరి కొండలలోని తోడా జాతివారిని గురించి గ్రంథము వ్రాసిన రివర్స్ ఇతడే. కాఫీలోని కెఫీను, మద్యము వంటివి అలసటపై చూపే ప్రభావాన్ని 1907 ప్రాంతములో ఎర్గోగ్రాఫ్ తో పరిశీలిస్తూ, తాను త్రాగినది మందో, అదే రుచిగల ఉత్తనీరో పరీక్షింపబడే వ్యక్తికి తెలియకుండా జాగ్రత్తపడ్డాడు. బలము వస్తుందన్న నమ్మకమే బలాన్ని కొంత పెంచగలదు గనుక ఈ జాగ్రత్త లేని పరీక్షలకు విలువ తక్కువ.

ఆ పిమ్మట అలసట పరిశోధన మెదడును వదిలి కండరము వైపు మళ్ళింది. లాక్టిక్ ఆమ్లము, ప్రాణవాయువు వినియోగము గురించి ఏ.వి. హిల్ చేసిన కృషి ఇందుకు ముఖ్య కారణము. ఈ దశలోనే మన భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1927లో కండరములోని ఫాస్ఫోక్రియాటిన్ ను కనుగొన్నాడు. క్షణకాలపు తీవ్రశ్రమకు కండరము వాడుకునే శక్తినిధి అదే.

మెదడు ప్రశ్న మరల తలెత్తినది 1987లో. ఆక్స్ ఫర్డుకు చెందిన ఎరిక్ న్యూషోమ్, అతని సహచరులు ఒక ప్రతిపాదన చేశారు. మెదడులోని సెరోటోనిన్ అనే పదార్థము ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లము నుండి తయారవుతుంది. సెరోటోనిన్ పెరిగితే మగత, నిరుత్సాహము కలుగుతాయి. రక్తములోని ట్రిప్టోఫాన్ చాలావరకు ఆల్బుమిన్ అనే ప్రోటీనును అంటిపెట్టుకొని ఉంటుంది. గంటలతరబడి పరుగెత్తినప్పుడు శరీరములోని కొవ్వు కరిగి కొవ్వు ఆమ్లాలు రక్తములోనికి వస్తాయి. అవి కూడా ఆల్బుమిన్ మీదనే చోటు కోరుతాయి. ఆ త్రోపులాటలో ట్రిప్టోఫాన్ విడిపోయి స్వేచ్ఛగా తిరుగుతుంది. ఇదే సమయములో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే శాఖాయుత అమైనో ఆమ్లాలను కండరాలు ఇంధనముగా వాడుకోవడముతో రక్తములో వాటి పరిమాణము తగ్గుతుంది. మెదడులోనికి దాటించే పడవ ఈ రెండు తరగతులకూ ఒక్కటే. రేవులో ఒకరు తగ్గి మరొకరు పెరిగితే, పెరిగినవారే ఎక్కువగా దాటుతారు. అట్లు మెదడులో ట్రిప్టోఫాన్, దానితో సెరోటోనిన్ పెరిగి అలసట కలుగుతుందని వారి వాదము. అదే నిజమైతే, పరుగు మధ్యలో శాఖాయుత అమైనో ఆమ్లాలు త్రాగిస్తే అలసట వెనుకకు పోవాలి.

స్వీడను పరిశోధకురాలు ఎవా బ్లోమ్ స్ట్రాండ్, ఆమె సహచరులు 1991లో దీనిని పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. మారథాన్ పరుగులో అమైనో ఆమ్లాలు తీసుకున్నవారిలో నెమ్మదిగా పరుగెత్తేవారు కొంత మెరుగుపడ్డారు, వేగముగా పరుగెత్తేవారిలో తేడా లేదు. వేరొక పరుగు తరువాత ఇచ్చిన మానసిక పరీక్షలో కూడా కొంత మెరుగు కనిపించినది. అయితే పందెములో పాల్గొన్నవారిని ముందుగా సమానమైన వర్గాలుగా విభజించుట, త్రాగిన ఇతర పానీయాలను అదుపుచేయుట కష్టము. నెదర్లాండ్స్ లో వాన్ హాల్, అతని సహచరులు 1995లో మరింత కట్టుదిట్టముగా చేసిన ప్రయోగము వేరే సమాధానమిచ్చినది. శిక్షణ పొందిన పదిమంది పురుషులు వేర్వేరు రోజులలో చక్కెర పానీయము, ట్రిప్టోఫాన్ కలిపినది, శాఖాయుత అమైనో ఆమ్లాలు తక్కువగాను, ఎక్కువగాను కలిపినవి త్రాగి, ఇక త్రొక్కలేమనే వరకు సైకిలు త్రొక్కారు. ప్రతిసారీ సుమారు రెండు గంటలే పట్టినది. ఏ పానీయము త్రాగినా తేడా రాలేదు. ట్రిప్టోఫాన్ ఇచ్చినప్పుడు అది మెదడుకు చేరుట ఎన్నో రెట్లు పెరుగుతుందని లెక్కకట్టినా, అలసట ముందుగా రాలేదు. సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బ.

చక్కెర పానీయానికి మాత్రము ఈ వాదములో కూడా స్థానమున్నది. చక్కెర అందుతూ ఉంటే కొవ్వు అంతగా కరుగదు, ట్రిప్టోఫాన్ విడివడదు. పైగా కండరానికి, మెదడుకు ఇంధనము లభిస్తుంది. అమైనో ఆమ్లాలను ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తములో అమ్మోనియా పెరుగుతుంది, అది మెదడుకు మంచిది కాదు. మెదడు అలసటకు సెరోటోనిన్ ఒక్కటే కారణము కాదని, డోపమైన్, నారడ్రినలిన్ వంటివాటికీ, శరీరపు వేడికీ పాత్ర ఉన్నదని తరువాతి పరిశోధనలు సూచించాయి. ఇప్పుడు మన పట్టణాలలోని వ్యాయామశాలల్లో కూడా ఈ అమైనో ఆమ్లాల డబ్బాలు అమ్ముతున్నారు. వాటిమీద వ్రాసినంత ఫలము ప్రయోగాలలో కనబడలేదని కొనేవారు తెలుసుకోవలసి ఉన్నది. ఇవే అమైనో ఆమ్లాలు పాలు, గ్రుడ్లు, మాంసము, పప్పులలో లభిస్తాయి.

మజ్జోరా పరీక్షల నాటి అనుభవానికి మాత్రము ఆధునిక సాక్ష్యము దొరికినది. బ్రిటనులో శామ్యూల్ మార్కోరా, అతని సహచరులు 2009లో ప్రకటించిన ప్రయోగములో పదహారుమందిచేత తొంభై నిమిషాలపాటు కంప్యూటరు ముందు ఏకాగ్రత అవసరమైన పని చేయించి, వెంటనే సైకిలు త్రొక్కించారు. మరొక రోజు అదే సమయము డాక్యుమెంటరీ చిత్రాలు చూపించి త్రొక్కించారు. చిత్రాలు చూసిన రోజున సగటున 754 సెకన్లు, మానసికశ్రమ చేసిన రోజున 640 సెకన్లు మాత్రమే త్రొక్కగలిగారు. గుండె, రక్తములోని లాక్టేటు మొదలగు కొలతలలో ఆ తేడాకు కారణము కనిపించలేదు. మారినదల్లా, అదే పని మొదటినుండీ మరింత కష్టముగా తోచుటయే.